గాలి నిండిన గురుగులు

సువార్తకు చెమట పట్టదు. ఆ పిల్ల ఒంట్లో చెమట పుట్టించే గ్రంథులే లేవని ఏడాది వయసులో డాక్టర్లు చెప్పారు. జుట్టు పలచన. పళ్లు నాలుగైదే, అవి కూడా మొనదేలి ఉంటాయి. మిగతా అన్నిట్లో తోటి పిల్లల్లాంటిదే. మాటల్లో అయితే వాళ్లకంటే ఒక ఆకు ఎక్కువే చదివింది. కానీ ఎండ తగిలినప్పుడు ఎవరి ఒళ్లయినా తనంతట తాను చేసుకునే పని ఆమె ఒళ్లు చేసుకోలేదు. గది వేడెక్కితే ఆమె కూడా వేడెక్కుతుంది, పొయ్యి పక్కన పెట్టిన ఇత్తడి చెంబులాగా.

అందుకే ఎండాకాలమంతా ఆమె తడి దుప్పటి కింద బతికేది. తల్లి ప్రేమమణి దుప్పటి తడిపి కప్పేది, ఆరగానే మళ్లీ తడిపేది. తండ్రి జకర్యా సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. తిరుమలగిరిలో, కంటోన్మెంట్ పరిధిలో, ఒక సందు చివర వాళ్లకు రెండు గదుల సొంత ఇల్లు ఉంది. పైన ఒట్టి స్లాబు. పొద్దుటినుంచి ఎండను తాగిన ఆ స్లాబు సాయంత్రం మొదలుపెట్టి రాత్రంతా ఆ వేడిని ఇంట్లోకి కక్కేది. కూలరు ఉన్నన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు. రెండు వేల పన్నెండు ఎండాకాలంలో కరెంటు కోతలు మొదలయ్యేసరికి కూలరు ఉన్నా లేనట్టే అయింది.

ఏప్రిల్ మొదట్లో ఒక మధ్యాహ్నం సువార్త దుప్పటి కిందే స్పృహ తప్పింది. ఆసుపత్రిలో ఐసు మీద పడుకోబెట్టి బతికించారు. పంపించేటప్పుడు డాక్టరు జకర్యాను పక్కకు పిలిచాడు.

"దీనికి మందు లేదండీ. చల్లదనమే మందు. మీ ఇంట్లో అది దొరకదంటే, దొరికే చోటికి పంపించండి."

ప్రేమమణి అక్క మేబెల్ నీలగిరి కొండల్లో, కూనూరులో ఒక హాస్టలుకు వార్డెన్. పెళ్లి చేసుకోలేదు. కబురు తెలియగానే ఫోన్ చేసింది. "మే నెల మధ్యలో వచ్చి పిల్లను తీసుకుపోతాను. ఎండాకాలానికే కాదు, ఇక్కడే బడిలో వేస్తాను. మీరు సెలవుల్లో వచ్చి చూసుకోండి" అంది. తీసిపారేయడానికి లేని మాట. ఫోను పెట్టేశాక మొగుడూ పెళ్లామూ చాలాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సువార్త మాత్రం విన్నది. "నాన్నా, అక్కడ చల్లగా ఉంటుంది, నిజమే. కానీ అమ్మ ఉండదు కదా" అంది. ఏడవలేదు. లెక్కలో తప్పు చూపించినట్టు చెప్పింది.

ఆ మాట జకర్యాను నిలువనియ్యలేదు. పిల్లను చల్లటి చోటికి పంపడం కాకుండా ఈ ఇంటినే చల్లబరిచే మార్గం ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాడు. రాణిగంజ్‌లో వేడిని ఆపే షీట్లు అమ్ముతారని విని వెళ్లాడు. దుకాణం అతను కొలతలు విని, "అవి ఫ్యాక్టరీలకు, గోడౌన్లకు సార్. ఇంత చిన్న కప్పుకు మా మనుషులు రారు" అన్నాడు. కరెంటు పొదుపు గురించి ప్రభుత్వం ప్రదర్శన పెట్టిందని తెలిసి అక్కడికీ వెళ్లాడు. బల్ల వెనక కూర్చున్న అధికారిణి ఓపికగానే విన్నది. ఎండతో నీళ్లు కాచుకునే హీటరు పెట్టుకుంటే సబ్సిడీ ఉందని చెప్పింది. వేడి దిగకుండా కప్పులు ఇలా ఉండాలని ఒక నియమావళి ఉందని, అయితే అది పెద్ద పెద్ద ఆఫీసు భవనాలకని చెప్పింది.

"ఇళ్లకు లేదా మేడమ్?"

"మీలాంటి ఇళ్లకు ఇంకా ఏమీ రాలేదండీ."

ఎండాకాలంలో నీళ్లు వేడి చేసుకోవడానికి సాయం దొరుకుతుంది, ఇల్లు చల్లబరుచుకోవడానికి దొరకదు. జకర్యా ఆమెకు దండం పెట్టి బయటికి వచ్చాడు. ఆమె మీద కోపం రాలేదు. ఆమె కూడా ప్రదర్శన పెట్టిన ఆ రేకుల షెడ్డులో చెమటలు కక్కుతూనే కూర్చుంది.

చివరికి కప్పు మీద తానే ఏదో ఒక పొర వేయించుకుందామనుకున్నాడు. కానీ కంటోన్మెంటులో స్లాబు మీద ఇటుక పెట్టాలన్నా అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టుకున్నాడు. కొద్ది రోజులకే కంటోన్మెంటు ఓవర్సీరు చూడటానికి వచ్చాడు. పేరు బ్రహ్మచారి. యాభై దాటినవాడు, భారీ మనిషి. సరిగ్గా మిట్టమధ్యాహ్నం, కరెంటు లేని వేళ వచ్చాడు.

"ఏంది సారూ, పైన రూం ఏస్తున్నరా?" అన్నాడు గడప దాటకముందే.

"రూం కాదండీ. వేడి దిగకుండా ఒక పొర."

"అందరు గట్లనే అంటరు. మొదలు పొర అంటరు, ఎనక పిట్టగోడ లేపుతరు, వానలు పడెటాల్లకు రూం తయారైతది. తర్వాత కూలగొట్టనీకి నేను రావాలె, మీతోని తిట్లు తినాలె."

అంటూనే లోపలికి వచ్చి ఆగిపోయాడు. మంచం మీద తడి దుప్పటి, పక్కన బకెట్టు, దుప్పటిలోంచి ఒక చిన్న మొహం. గదిలో గాలి పొయ్యిలోని గాలిలా ఉంది. బ్రహ్మచారి జేబురుమాలు తీసి మొహం, మెడ తుడుచుకున్నాడు.

"బిడ్డకు జెరమా?"

"జ్వరం కాదంకుల్" అంది సువార్త. "నాకు చెమట పట్టదు. మీకు పడుతోంది కదా, మీరు అదృష్టవంతులు."

బ్రహ్మచారి చేతిలో తడిసిన రుమాలు వంక చూశాడు. తన చెమటను ఎవరైనా అదృష్టమనగా ఆయన ఎన్నడూ వినలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ప్రేమమణి సంగతంతా చెబుతుంటే విన్నాడు. ఆమె మాట్లాడుతూనే దుప్పటి ఒక అంచునుంచి తడుపుకొస్తోంది. ఆమె చేతివేళ్లు నీళ్లలో నాని ముడతలు పడి ఉన్నాయి.

విన్నాక ఆయన లేచాడు. "జకర్యా సార్, జెర నాతోని వస్తరా? మీకొకటి చూపియ్యాలె."

స్కూటరు మీద తీసుకువెళ్లింది పాత మిలిటరీ బంగళాల వైపు. అక్కడ ఒక బంగళా కప్పు ఒకవైపు కుంగిపోతే, ఆ భాగం విప్పడానికి అనుమతి ఇచ్చి పని చూసుకునే బాధ్యత ఆయన మీద పెట్టారు. కూలీలు భోజనానికి దిగారు. ఇద్దరూ నిచ్చెన ఎక్కారు.

సగం కప్పు మీద సున్నం పొర ఒలిచేసి ఉంది. దాని కింద జకర్యా చూసినవి కుండలు. చేతిలో ఇమిడేటంత చిన్న మట్టి గురుగులు, అన్నీ బోర్లించి ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి ఆనుకుని, వరస వెనక వరస, కప్పు ఈ చివరనుంచి ఆ చివరకు. ఎండలో వాటి గుండ్రటి వీపులు ఎర్రగా మెరుస్తున్నాయి. పగలగొట్టని పొర కింద కూడా అవే ఉన్నాయని, గది గదికీ అలాగే పరిచి ఉన్నాయని జకర్యాకు అర్థమైంది. పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"నేను సుత మొన్ననే చూసిన" అన్నాడు బ్రహ్మచారి. గొంతు తగ్గించి, గుడిలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. "ఇరవై ఏండ్ల సర్వీసు నాది. ఈ బంగ్లాల కింద ఎన్నిసార్లు కూసున్ననో. చల్లగుంటదంటే గోడలు మందముగ ఉన్నయనుకున్న. నెత్తి మీద ఇవి ఉన్నయని నాకు ఎర్కనే లేదు."

"లోపల ఏముంటుంది సార్?"

"ఏముంటది? గాలి. అటు కదలది, ఇటు కదలది. పైన ఎండ ఎంత కాల్చినా ఆ గాలి దాటి కిందికి దిగనీకి దానికి తక్లీఫే."

జకర్యా వంగి, అంచున వదులైన గురుగు ఒకటి నెమ్మదిగా ఎత్తాడు. నూరేళ్ల నాటి సున్నం గాజుముక్కలా విరిగింది. గురుగు లోపల చెయ్యి పెట్టాడు. ఎండ నెత్తి మాడుస్తుంటే దాని కడుపు చల్లగా తగిలింది. లోపలి గోడ మీద గాడి ఒకటి చుట్టూ తిరిగి ఉంది. సారె తిరుగుతుండగా కుమ్మరి వేలు పెట్టిన గుర్తు. జకర్యా తన వేలు ఆ గాడిలో పెట్టాడు. సరిపోయింది. ఎవరో తెలియని మనిషి, ఎవరో తెలియని వాళ్లు పడుకునే గది కోసం ఒక్కొక్క గురుగూ చేతితో చేస్తే, ఇంకెవరో ఒక్కొక్కటీ బోర్లించి పెట్టారు. పొద్దున్నే ప్రార్థన చేసుకున్నప్పుడు కూడా అతనికి దేవుడు ఇంత దగ్గరగా అనిపించలేదు.

"ఇది నేను పట్టుకుపోవచ్చా సార్?"

"ఎట్లాగు పారబోసేటివే. తీస్కోండ్రి." బ్రహ్మచారి నిచ్చెన వైపు నడుస్తూ ఆగాడు. "సారూ, పొర పిట్టగోడ ఎత్తు దాటొద్దు. వాన నీళ్లు పక్కింట్ల పడొద్దు. మీ స్లాబు ఈ బరువు మోస్తదని ఇంజినీరు సంతకం కావాలె. ఈ మూడు మీరు చూస్కుంటే అది కొత్త కట్టుబడి కిందికి రాదు. మరమ్మతని నేను రాస్త. రూల్ల ఉన్నదే రాస్త, లేనిది రాయ."

ఇంజినీరు వచ్చి స్లాబు మోస్తుందని చెప్పాడు. అనుమతి వచ్చింది. ఇక గురుగులు కావాలి. కుమ్మరి కమలాబాయి ఇంటి ముందు జకర్యా ఎన్ని కావాలో చెప్పగానే ఆమె సారె ఆపేసింది.

"గిన్ని గురుగులా? ఎవల పెండ్లి సారూ? ఊరంత పిలుస్తున్నరా ఏంది?"

"పెళ్లి కాదమ్మా. ఇంటి కప్పు మీద బోర్లించడానికి."

ఎండకు మతి చలించిందేమోనన్నట్టు ఆమె అతని వంక చూసింది. జకర్యా సంచిలోంచి పాత గురుగు తీసి చేతికిచ్చాడు. కమలాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత లోపల చెయ్యి పెట్టి, ఆ గాడి వెంట వేలు తిప్పింది.

"ఎన్నేండ్లదిది?"

"నూరేళ్లకు పైనే ఉంటుందంటున్నారు."

"మేం చేసేటివి పెండ్లిల ఒక్క దినం ఉంటయి. ఎనక ఎవలో ఒకలు కాలితోని తంతరు." ఆమె గురుగును ఒళ్లో పెట్టుకుంది. "నూరేండ్లు నెత్తి మీద పెట్టుకున్నరా సారూ, కుమ్మరోల్ల కుండను?"

పిల్ల సంగతి కూడా చెప్పాడు జకర్యా. కమలాబాయి ఇంట్లో వాళ్లందర్నీ పనిలోకి దింపింది. గురుగులు బట్టీలోంచి దిగినవి దిగినట్టు ఆటోల్లో సందుకు వచ్చాయి.

వాటిని పేర్చిన రోజు గురించి తిరుమలగిరి సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు. పగలు ఎండకు పైన నిలబడలేరు గనక తెల్లవారుజామునే మొదలుపెట్టారు. మేస్త్రి రాములు తన మనుషులతో వచ్చాడు. చర్చివాళ్లు వచ్చారు. పక్కింటి రిటైరైన హవల్దారు వచ్చాడు. ఎదురింటి శారదమ్మ కొంగు నడుముకు చుట్టి మెట్ల మీద నిలబడింది. గురుగులు చేతినుంచి చేతికి మెట్లెక్కాయి. ఆ వేళ చల్లగానే ఉంటుంది గనక సువార్తను కూడా పైకి రానిచ్చారు. ఆ పిల్ల ఒక పని కల్పించుకుంది. గురుగు చేతికి రాగానే నోటితో లోపలికి ఉఫ్ మని ఊది, అప్పుడు రాములుకు అందిస్తోంది.

"గట్ల ఒక్కొక్కదాన్ల ఊదుకుంట కూసుంటే దసరా దాక సుత కాదు బిడ్డా" అన్నాడు రాములు.

"లోపల ఉండాల్సింది గాలే కదా మేస్త్రీ. మంచి గాలి పోస్తున్నాను."

అందరూ నవ్వారు. రాములు తొందరపెట్టడం మానేశాడు.

సూర్యుడు పైకి వచ్చేసరికి కప్పంతా నిండింది. ఎర్రటి ఏటవాలు వెలుతురు వరసల మీద పడింది. ప్రతి గురుగు వీపు మీదా ఒక చిన్న వెలుగు చుక్క, ప్రతి దాని పక్కనా ఒక చిన్న నీడ. అప్పటిదాకా గలగలలాడుతున్న మనుషులు ఒక్కొక్కరే మాట ఆపేశారు. ఎవరూ చెప్పకుండానే హవల్దారు నెత్తి మీది టోపీ తీశాడు. కమలాబాయి పిట్టగోడ దగ్గర నిలబడి, తన చేతి కింద పుట్టినవన్నీ ఒక్కచోట మొదటిసారి చూసుకుంటోంది. ఆమె కళ్లు తుడుచుకోవడం ప్రేమమణి చూసి పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది.

తర్వాత గురుగుల సందుల్లో సున్నం, ఇటుక ముక్కలు కూరారు. పైన పలచగా గచ్చు వేశారు. దాని మీద టైల్స్ దుకాణాల్లో పగిలి పోగుపడ్డ తెల్ల పింగాణీ ముక్కలు అతికారు, నీళ్లు తమ గొట్టంలోకే దిగేలా వాటం పెట్టి. గచ్చు గట్టిపడేదాకా రోజూ తడపాలి. ఆ రోజుల్లో ఎండలు ఇంకా ముదిరాయి. ప్రేమమణి కింద కూతుర్ని తడిపేది, పైకి వెళ్లి కప్పును తడిపేది. ఈలోగా మేబెల్ టికెట్టు తీసుకున్నానని ఫోన్ చేసింది. వద్దని చెప్పే ధైర్యం వీళ్లకు లేదు. తడి గచ్చు ఆరేదాకా గురుగులు పనిచేస్తాయో లేదో ఎవరికి తెలుసు?

కప్పు తడపడం ఆపిన మర్నాడే మేబెల్ రావలసిన రోజు. జకర్యా పొద్దుటి డ్యూటీకి వెళ్లాడు. మధ్యాహ్నం స్టేషన్లోనే వదినగారిని దింపుకుని ఆటోలో ఇంటికి తీసుకువచ్చాడు. దారంతా గాలి నిప్పులు చెరుగుతోంది. సందులో ఏ ఇంట్లోనూ ఫ్యాను తిరగడం లేదు. మేబెల్ కొంగుతో విసురుకుంటూ, "ఇందులో పిల్లను ఇన్నేళ్లు ఎలా ఉంచారు జకర్యా?" అంది. అతను ఆమె పెట్టె అందుకుని గుమ్మం వైపు నడిచాడు.

తలుపు తోశాడు. లోపలికి అడుగుపెట్టగానే ఆగిపోయాడు. వెనకనుంచి వస్తున్న మేబెల్ అతని వీపుకు తగిలి ఆగింది.

గదిలో చలి లేదు, చల్లదనం ఉంది. పాత రాతి చర్చిలోకి ఎండలోంచి వెళ్లినప్పుడు మొహానికి తగిలే చల్లదనం. ప్రేమమణి నేల మీద కూర్చుని ఉంది. వాళ్లను చూసి పెదవుల మీద వేలు పెట్టింది. మంచం మీద సువార్త పక్కకు తిరిగి నిద్రపోతోంది. ఒంటి మీద పొడి దుప్పటి. బకెట్టు పెరట్లో బోర్లించి ఉంది. పుట్టిననాటినుంచి మే నెల మధ్యాహ్నం ఆ పిల్ల పొడిబట్టలో నిద్రపోవడం ఆ తల్లిదండ్రులు చూడలేదు.

జకర్యా చెప్పులు విడిచి దగ్గరికి వెళ్లాడు. కూతురి నుదుటి మీద చెయ్యి వేశాడు. ఆ స్పర్శ మామూలుగా, అందరి పిల్లల నుదురులా ఉంది. తర్వాత స్టూలు ఎక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించాడు. కిందటి వారాల్లో అక్కడ చెయ్యి నిలిచేది కాదు. ఇప్పుడు మనిషి చేతిని తాకినంత వెచ్చదనమే. పైన నిప్పులు కురుస్తున్నాయి. దానికీ తన అరచేతికీ మధ్య ఉన్నది జానెడు మందం మట్టీ, గాలీ. అతను చెయ్యి తియ్యలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

మేబెల్ గది నాలుగు మూలలూ చూస్తోంది. "ఏసీ ఎక్కడ పెట్టించారే?" అంది చెల్లెలితో గుసగుసగా.

"ఏసీ లేదక్కా. కరెంటే లేదు."

"మరి?"

ప్రేమమణి పైకి చూపించింది. మేబెల్ తలెత్తి చూసింది. అక్కడ సున్నం కొట్టిన ఒట్టి కప్పు తప్ప ఏమీ లేదు. ఆమె నెమ్మదిగా వచ్చి చెల్లెలి పక్కన నేల మీద కూర్చుంది. జకర్యా స్టూలు దిగి వాళ్ల పక్కన చేరాడు. పిల్ల ఊపిరి ఒక్కటే వినబడుతోంది.

నిద్రలేచిన సువార్తకు ఎదురుగా పెద్దమ్మ కనబడగానే మొహం ముడుచుకుపోయింది. "నన్ను తీసుకెళ్లడానికి వచ్చావా?"

"వచ్చానే తల్లీ. కానీ మా ఊరు మీ ఇంట్లోనే ఉన్నట్టుంది. ఇంకెక్కడికి తీసుకెళ్లను?"

సువార్త ఆ మాటను ఒకసారి తనలో తాను తిరగేసుకుంది. "అయితే నువ్వే ఇక్కడుండిపో పెద్దమ్మా. అక్కడ స్వెట్టర్ తొడుక్కునే బాధ తప్పుతుంది" అంది.

మేబెల్ నాలుగు రోజులుండి ఒంటరిగానే తిరిగి వెళ్లింది. ఆమె వెళ్లాక బ్రహ్మచారి కాగితాల కోసం తనిఖీకి వచ్చాడు. ఎత్తు చూశాడు, నీళ్ల గొట్టం చూశాడు, సంతకం పెట్టాడు. పెట్టాక కూడా వెళ్లలేదు. గదిలో అదే స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. రుమాలు తీయలేదు. "గిదేంది బిడ్డా, నాకు సుత చెమట పడ్తలేదు" అంటే సువార్త పడి పడి నవ్వింది.

జకర్యా చెప్పగా విని, ప్రదర్శనలో బల్ల వెనక కూర్చున్న అధికారిణికి కబురు చేరవేసింది ఆయనే. ఆమె ఒక సాయంత్రం వేడి కొలిచే పరికరం పట్టుకుని వచ్చింది. మొదట పక్కింట్లో స్లాబు కొలిచింది, తర్వాత ఇక్కడ కొలిచింది. నమ్మలేక మళ్లీ పక్కింటికి వెళ్లి కొలుచుకుని వచ్చింది. "మీకు ఇవ్వడానికి మా దగ్గర ఇప్పటికీ ఏ పథకమూ లేదు జకర్యాగారూ" అంది. "కానీ చూసింది చూసినట్టు పైకి రాస్తాను." రాసింది కూడా. పైనుంచి ఏ సమాధానం వచ్చిందో వీళ్లకు తెలియలేదు. మరుసటి ఏడు మాత్రం హవల్దారూ శారదమ్మా తమ కప్పుల మరమ్మతుకు దరఖాస్తులు పెట్టారు. కమలాబాయి ఇంట్లో సారె తీరిక లేకుండా తిరిగింది.

కప్పు వేసిన ఏడు మే నెలాఖరులోనే, రోహిణి కార్తెలో, ఒక మధ్యాహ్నం జకర్యా డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటి ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ చిన్నపిల్లల చెప్పులే. ఏమైందోనని కిటికీలోంచి తొంగి చూశాడు. కరెంటు పోగానే సువార్త గుమ్మంలో నిలబడి, ఉడికిపోతున్న ఇళ్లలోంచి పిల్లలందర్నీ కేకేసి పిలిచిందట. వాళ్లంతా నేల మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. సువార్త ఒక్కతే మెలకువగా గోడకు చేరగిలబడి, నిద్రపోయే వాళ్లను గర్వంగా చూసుకుంటోంది.

జకర్యా వాళ్లను లేపడానికి మనసు రాక, అరుగు మీద ఎండలోనే కూర్చుండిపోయాడు.